బండ్లకు కళ్ళు వచ్చినవి: మన ట్రాలీ వానికి కనబడుచున్నదా?

పల్నాటి రైతులకు నడికుడిని గురించి చెప్పవలసిన పని లేదు. గుంటూరు–మాచర్ల రైలుమార్గమును, పగిడిపల్లి వైపునుండి కృష్ణానది దాటి వచ్చు మార్గమును కలియు జంక్షను ఇది. నార్కెట్‌పల్లి–అద్దంకి రహదారి పొందుగుల వద్ద నదిని దాటి దాచేపల్లి, పిడుగురాళ్ల మీదుగా ఈ ప్రాంతము గుండానే సాగిపోవును. ఈ రోడ్డు పక్కన ఒక గంట నిలిచి చూచినచో ఎన్ని రకముల బండ్లు కానవచ్చునో లెక్కించి చూడుడు. సిమెంటు లారీలు, సున్నపురాయి టిప్పర్లు, హైదరాబాదు బస్సులు, కార్లు ఒకవైపు. మిరప టిక్కీలతో గుంటూరు యార్డుకు బయలుదేరిన ట్రాక్టర్లు, పత్తి బోరెములు, వరిగడ్డి లోడ్లు, కూలీల ఆటోలు, పాలక్యాన్లు కట్టిన మోటారు సైకిళ్ళు, మేకల మందలు, ఇంటికి మళ్ళిన గేదెలు మరొకవైపు. గంటకు 80 కిలోమీటర్లు పోవు బండి, 20 కిలోమీటర్లు పోవు బండి, అసలు కదలక నిలిచియున్న బండి, మూడును ఒకే దారిమీద ఉన్నవి.

ఈ దారిమీదికి ఇప్పుడు కొత్తరకపు బండ్లు వచ్చుచున్నవి. తోలువాని కళ్ళతోబాటు వీనికి సొంత కళ్ళు కూడ కలవు. ముందున్నది ఏమిటో, అది ఎటు కదలుచున్నదో తామే గమనించి, అపాయము తోచినచో గంట మ్రోగించును. కొన్ని బండ్లు తామే బ్రేకు కూడ వేయును. 2020 తరువాత ఇట్టి కార్లు మన దేశపు మార్కెట్టులో బాగుగా పెరిగినవి. బస్సులకును, బరువు లారీలకును ఇట్టి పరికరములను తప్పనిసరి చేయుటకు కేంద్ర రవాణాశాఖ 2025 మార్చిలో ముసాయిదా నియమములను ప్రకటించినది. 2022వ సంవత్సరములో మన దేశమున రోడ్డు ప్రమాదములలో 1,68,491 మంది మరణించినారని ఆ శాఖ లెక్కలు చెప్పుచున్నవి. కావున ప్రాణములు కాపాడగల ఏ సాధనమైనను స్వాగతింపదగినదే.

అయితే ఈ బండ్లు కొనుట, కొనకపోవుట మన ఇష్టము. వాని ముందు నడచుట మాత్రము మన ఇష్టముతో పనిలేకయే జరుగుచున్నది. రేపు రాత్రి మీ ట్రాలీ వెనుక వచ్చు బండికి ఇట్టి కన్ను ఉండవచ్చును. ఆ కన్ను ఎట్లు చూచును, దేనిని చూడలేదు అను సంగతి తెలిసికొన్నచో, మన బండిని దానికిని, దానిని తోలు మనిషికిని కనబడునట్లు చేసికొనుట తేలికయగును. ఈ వ్యాసము ఉద్దేశమదే.

మూడు రకముల కళ్ళు

బండికి అమర్చు ఈ కళ్ళను సెన్సర్లు అందురు. వీనిలో ముఖ్యమైనవి మూడు: కెమెరా, రాడారు, లైడారు.

కెమెరా మన కన్ను వంటిది. రంగును, ఆకారమును, రోడ్డుమీది గీతలను, బోర్డుమీది అక్షరములను చూడగలదు. ఒక వస్తువునకు పేరు పెట్టుటలో దీనిని మించినది లేదు. కాని చీకటిలోను, ఎదుటి దీపపు వెలుగు కొట్టినప్పుడును, పొగమంచులోను మన కన్ను పడు బాధలన్నియు దీనికిని కలవు. అద్దముమీద సున్నపు దుమ్ము పేరుకొన్నచో ఇక చెప్పనక్కరలేదు.

రాడారు రేడియో తరంగమును పంపి, అది ఎదుటి వస్తువునకు తగిలి తిరిగి వచ్చుటకు ఎంత కాలము పట్టెనో కొలుచును. రేడియో తరంగము సెకనుకు సుమారు 3 లక్షల కిలోమీటర్లు పోవును. 150 మీటర్ల దూరములోనున్న లారీని తాకి తిరిగి వచ్చుటకు దానికి సెకనులో పదిలక్షలవ వంతు మాత్రము పట్టును. ఇంత స్వల్పకాలమును కొలిచి దూరము చెప్పును. వేగమును కూడ చెప్పును. కూత వేయుచు మీ వైపు వచ్చు రైలు మిమ్ములను దాటిపోగానే కూత స్వరము తగ్గినట్లు వినబడుట నడికుడి స్టేషనులో మీరు వినియే యుందురు. దగ్గరకు వచ్చు వస్తువునుండి తిరిగి వచ్చు తరంగపు స్వరము హెచ్చును, దూరమగుదాని స్వరము తగ్గును. ఈ హెచ్చుతగ్గులను బట్టి రాడారు వేగమును కట్టును. చీకటి, మంచు, దుమ్ము దీనిని అంతగా బాధింపవు. ఇనుమును చక్కగా పట్టును. కాని మనిషిని, పశువును, గడ్డిని, పత్తి బోరెమును అంత గట్టిగా పట్టలేదు. వస్తువు ఆకారమును కెమెరావలె విడమర్చి చూపలేదు.

లైడారు లేజరు వెలుగును నలుదిక్కులకు చిమ్మి, తిరిగి వచ్చిన వెలుగును బట్టి చుట్టుపట్ల ఉన్నవాని ఆకారమును చుక్కలతో గీయును. ముగ్గువేయువారు చుక్కలు పెట్టి ఆకారము తెచ్చినట్లే ఇదియును లక్షల చుక్కలతో రోడ్డును, బండిని, మనిషిని రూపుకట్టును. కొలత చాల నిక్కచ్చిగా ఉండును. కాని ఖరీదైనది, దట్టమైన మంచు, దుమ్ము దీనికి అడ్డము.

ఒక్కొక్క కంటికి ఒక్కొక్క లోపము ఉన్నందున రెండు మూడింటిని కలిపి వాడుదురు. రాడారు “ముందు ఏదో ఉన్నది, ఇంత దూరము, ఇంత వేగము” అని చెప్పగా, కెమెరా “అది ఆటో” అని పేరు పెట్టును. ఇద్దరు సాక్షుల మాట కలిసినప్పుడే బండి నమ్మి బ్రేకు వేయును.

మొదటి పని: పేరు పెట్టుట

చూచినంతమాత్రమున చాలదు. చూచినదేమిటో తెలియవలెను. ముందున్నది దుమ్ములో ఎగురు కాగితమైనచో బ్రేకు వేయనక్కరలేదు; గేదె దూడయైనచో వేయవలెను. ఈ వేరుపాటును యంత్రమునకు బొమ్మల ద్వారా నేర్పుదురు. వేలకొలది ఫోటోలు తీసి, ప్రతి ఫోటోలోను ఇది రోడ్డు, ఇది మనిషి, ఇది లారీ అని మనుషులు గీతలు గీసి పేర్లు వ్రాయుదురు. వానిని చూచి చూచి యంత్రము పోలికలు పట్టుకొనును. నాలుగు సీజనులు చేలో తిరిగిన కుర్రవాడు తామరపురుగు సోకిన మిరప ఆకును, బొబ్బర సోకిన ఆకును వేరుపరచుట నేర్చినట్లే. కాని ఆ కుర్రవాడు ఎన్నడును చూడని తెగులు వచ్చినచో తెల్లబోవును. యంత్రమును అంతే. చూపనిదానిని అది ఎరుగదు.

ఇచ్చటనే మనకు చిక్కు వచ్చినది. 2012లో జర్మనీలోని కార్ల్స్‌రూహె పట్టణపు వీధులలో తీసిన బొమ్మలు, 2016లో ముఖ్యముగా జర్మనీకి చెందిన 50 పట్టణములనుండి కూర్చిన సిటీస్కేప్స్ అను బొమ్మల సంపుటి, చాలకాలము ప్రపంచమంతటను యంత్రములకు పాఠ్యగ్రంథములుగా ఉండినవి. ఆ బొమ్మలలో రోడ్డుకు అంచు గీత ఉన్నది. ఏ వరుస బండి ఆ వరుసలో పోవుచున్నది. ఆటో లేదు, రోడ్డు నడుమ ఎద్దు లేదు, ముగ్గురెక్కిన మోటారు సైకిలు లేదు.

ఈ లోపమును తీర్చుటకు హైదరాబాదులోని ట్రిపుల్ ఐటీ పరిశోధకులు ఇంటెల్ సంస్థతో కలిసి ఒక మంచి పని చేసినారు. ఆచార్య సి.వి. జవాహర్ మొదలగువారు హైదరాబాదు, బెంగుళూరు నగరములందును వాని శివార్లయందును కారుకు కెమెరా కట్టి 182 సార్లు తిరిగి తీసిన చిత్రములనుండి 10,004 బొమ్మలను ఏర్చి, 34 తరగతులుగా పేర్లు పెట్టి, 2018లో అందరికిని ఉచితముగా అందించినారు. దీనికి ఇండియా డ్రైవింగ్ డేటాసెట్ అని పేరు. ఆటోరిక్షా, పశువు అనునవి ఇందులో ప్రత్యేక తరగతులు. రోడ్డు అంచు దాటిన తరువాత బండి దిగి పోదగిన మట్టి నేలకు ఒక తరగతి, పోరాని నేలకు మరొక తరగతి పెట్టినారు. మన రోడ్లమీద తారు ఎక్కడ ముగియునో బండి అక్కడనే ముగియదను సంగతి మనకు తెలియును. యంత్రమునకు దానిని నేర్పవలసి వచ్చినది. ఏ పేరుకును సరిపడని బండ్లకొరకు “ఇతర వాహనము” అను గుంపును కూడ ఉంచినారు.

సంగారెడ్డి జిల్లా కంది వద్దనున్న ఐఐటీ హైదరాబాదులో తిహాన్ అను కేంద్రము ఈ విద్యకే ఏర్పడినది. తోలువాడు లేక నడచు బండ్లను, ఎగురు యంత్రములను పరీక్షించుటకు అచ్చట ప్రత్యేకముగా నిర్మించిన మైదానమును 2022 జూలై 4న కేంద్రమంత్రి డాక్టర్ జితేంద్రసింగ్ ప్రారంభించినారు. కావున ఈ పని ఎక్కడో విదేశములలో జరుగునది మాత్రమే కాదు, తెలుగునేలపైననే జరుగుచున్నది.

రెండవ పని: జాడ పట్టుట

పేరు పెట్టిన తరువాత రెండవ పని కలదు. అది జాడ పట్టుట. కెమెరా సెకనుకు అనేక బొమ్మలు తీయును. ఈ బొమ్మలో ఉన్న ఆటోయు, తరువాతి బొమ్మలో ఉన్న ఆటోయు ఒకటియేనా, వేరువేరా? ఒకటియేయైనచో అది ఎంత జరిగినది? రెండు సెకనుల తరువాత ఎక్కడ ఉండును? ఇవి తెలిసినగాని బ్రేకు ఎప్పుడు వేయవలెనో తెలియదు.

పసుల కాపరి ఈ పనిని రోజును చేయుచున్నాడు. సాయంకాలము మంద ఇంటికి మళ్ళినప్పుడు ఒక గేదె తుమ్మచెట్టు వెనుకకు పోయినచో, అది తప్పిపోయినదని అతడు కేకలు వేయడు. దాని నడక తెలియును గనుక చెట్టుకు అవతలి పక్క ఎప్పుడు బయటపడునో ఊహించి అటు చూచును. బయటపడినదానిని కొత్త గేదెగా లెక్కింపడు. యంత్రము చేయవలసినదియు ఇదే. ముందు ఊహ, తరువాత చూపు, రెండింటి పొత్తు.

ఊహను, కొలతను పొత్తుపరచు లెక్కను రుడాల్ఫ్ కాల్మన్ అను శాస్త్రజ్ఞుడు 1960లో ప్రకటించినాడు. మన నాగార్జునసాగరు నిర్మాణము సాగుచున్న రోజులవి. ఆయన పద్ధతిని సాగరు కుడికాలువ కింది రైతు సులభముగా గ్రహింపగలడు. తూము ఎత్తిన వేళ తెలిసిన రైతు, నీరు తన మడికి ఎప్పుడు వచ్చునో ఒక అంచనా వేసికొనును. దారిలో ఎవరో “నీరు ఇంకను మలుపు దాటలేదు” అని చెప్పినచో, చెప్పినవాడు నమ్మదగినవాడైనచో అంచనాను ఎక్కువగాను, గాలిమాటలవాడైనచో కొంచెముగాను సవరించుకొనును. కాల్మన్ లెక్కయు అట్లే. సెన్సరు చూపు స్పష్టముగా ఉన్నప్పుడు చూపునకు, మసకగా ఉన్నప్పుడు ఊహకు ఎక్కువ విలువ ఇచ్చుచు, క్షణక్షణమును అంచనాను దిద్దుకొనుచుండును. చంద్రునిపైకి మనుషులను పంపిన అపోలో నౌకలలో దారి తెలిసికొనుటకు ఈ లెక్కనే వాడినారు.

రోడ్డుమీద ఒక్క బండి కాదు, ఇరువది ఉండును. వెనుకటి బొమ్మలోని ఇరువదింటిలో ఏది ఇప్పటి బొమ్మలోని దేనితో సరిపడునో జతపరచవలెను. దీనికి 1955లో హెరాల్డ్ కూన్ అను అమెరికా గణితశాస్త్రజ్ఞుడు చూపిన పద్ధతి నేటికిని వాడుకలో ఉన్నది. హంగేరీ గణితజ్ఞుల పనిమీద ఆధారపడినందున దానికి హంగేరియను పద్ధతియని పేరు. పదిమంది కూలీలకు పది పనులను, మొత్తము శ్రమ అన్నిటికన్న తక్కువ అగునట్లు పంచుట ఎట్లు అనునదే దాని మూలప్రశ్న.

పేరు తప్పిన జాడ తప్పును

పేరు పెట్టుట, జాడ పట్టుట అను ఈ రెండు పనులును ఒకదానితో ఒకటి ముడిపడియున్నవి. ఆ ముడి వీడినచో ఏమగునో తెలుపు దుర్ఘటన ఒకటి కలదు.

2018 మార్చి 18 రాత్రి అమెరికాలోని అరిజోనా రాష్ట్రమున టెంపీ పట్టణములో, తనంత తానుగా నడచుటకు పరీక్షింపబడుచున్న ఒక కారు, సైకిలును నడిపించుకొని రోడ్డు దాటుచున్న ఒక స్త్రీని ఢీకొన్నది. ఆమె మరణించినది. ఆ దేశపు జాతీయ రవాణా భద్రతామండలి విచారించి తేల్చిన విషయము గమనింపదగినది. కారుకు కన్ను లేకపోలేదు. గుద్దుకొనుటకు 5.6 సెకనుల ముందే రాడారు ఆమెను కనిపెట్టినది. కాని ఆమెకు ఏ పేరు పెట్టవలెనో యంత్రమునకు తోచలేదు. ఒక క్షణము “వాహనము” అనెను, మరొక క్షణము “ఇతర వస్తువు” అనెను, మరల “సైకిలు” అనెను. పేరు మారినప్పుడెల్ల వెనుకటి జాడను వదలివేసి మరల మొదటినుండి లెక్క ప్రారంభించెను. అందుచేత ఆమె రోడ్డును దాటుచున్నదను సంగతి దానికి సకాలములో తెలియలేదు. దాటుటకు గుర్తు పెట్టని చోట మనిషి దాటవచ్చునను ఆలోచనయే దానికి నేర్పలేదు. కారులో కాపలాకు కూర్చున్న మనిషి చూపు ఆ సమయమున రోడ్డుమీద లేదు.

మనిషి, సైకిలు, దానికి తగిలించిన సంచులు అన్నియు కలిసి ఏ ఒక్క పేరుకును అందని రూపమైనవి. మన రోడ్లమీద అట్టి రూపములే ఎక్కువ. తలపై పచ్చగడ్డి మోపుతో నడచు మనిషి, వెనుక మందుల పంపును, పక్కన యూరియా బస్తాను కట్టిన మోటారు సైకిలు, మూడువైపులకు పొంగిన వరిగడ్డి కింద చక్రములు కూడ కానరాని ట్రాక్టరు. పగటిపూట మనిషి కంటికి వీనిలో తికమక లేదు. రాత్రిపూట మనిషికిని, యంత్రమునకును గూడ ఇవి చీకటి గుట్టలే.

రాత్రి రోడ్డు లెక్క

ఇప్పుడు ఒక చిన్న లెక్క వేయుదము. మిరప కోతల కాలము. ట్రాలీ టైరు పంక్చరయి రోడ్డుమీద నిలిచినది. వెనుక దీపము లేదు. గంటకు 80 కిలోమీటర్ల వేగముతో బరువు లారీ ఒకటి వచ్చుచున్నది. అనగా సెకనుకు 22 మీటర్లు. దించిన దీపపు వెలుగులో మెరుపులేని నల్లని వస్తువు సుమారు 50 మీటర్ల దూరమునకు వచ్చినగాని కానరాదనుకొందము. డ్రైవరు చూచి, గ్రహించి, బ్రేకుమీద కాలు వేయుటకు ఒకటిన్నర సెకను పట్టును. ఈ లోపల బండి 33 మీటర్లు పోవును. పొడి రోడ్డుమీద మంచి బ్రేకులున్నను ఆగుటకు మరి 50 మీటర్లు కావలెను. మొత్తము 83 మీటర్లు. ఉన్నది 50. లోటు 33 మీటర్లు.

లారీకి కెమెరా కన్ను ఉండి, అది మనిషికన్న త్వరగా, అరసెకనులోనే బ్రేకు వేసినదనుకొనుడు. 11 మీటర్లును 50 మీటర్లును కలిపి 61 మీటర్లు. అప్పటికిని లోటే. దెబ్బ తగ్గును గాని తప్పదు.

రాడారు దూరమునుండియే చూడదా యని అడుగవచ్చును. చూచును. కాని ఇచ్చట మరొక మెలిక కలదు. రోడ్డు పక్క స్తంభములు, వంతెన కమ్ములు, ఇనుప బోర్డులు అన్నియు రాడారుకు ప్రతిధ్వని పంపును. ప్రతిదానికిని బ్రేకు వేసినచో బండి ముందుకు సాగదు. అందువలన పలు పరికరములు, ముఖ్యముగా పాతవి, కదలుచున్న వస్తువులకు ఇచ్చిన విలువను కదలనివానికి ఇయ్యవు. కెమెరా కూడ సాక్ష్యము చెప్పినగాని నమ్మవు. చీకటిలో కెమెరా చెప్పలేదు. కావున రోడ్డుమీద నిలిచిపోయిన ట్రాలీయే అన్నిటికన్న అపాయకరమైనదని రైతులు గుర్తుంచుకొనవలెను.

ఈ లోటును పూడ్చునది చౌకలో దొరకు ఒక మెరుపు పట్టీ. తనమీద పడిన వెలుగును వచ్చినవైపునకే తిరిగి పంపు గుణము ఈ పట్టీకి కలదు. చీకటి ట్రాలీ 50 మీటర్లలో కానవచ్చునెడ, పట్టీ అంటించిన ట్రాలీ అంతకు ఎన్నో రెట్ల దూరమునుండి డ్రైవరుకును కానవచ్చును, కెమెరాకును కానవచ్చును. పై లెక్కలోని లోటు మిగులుగా మారును.

రైతులు చేయవలసినవి

1. ట్రాలీ వెనుక ఎర్ర పట్టీ, ముందు తెల్ల పట్టీ, పక్కలకు పసుపు పట్టీ అంటింపవలెను. వెనుక పట్టీ రెండు మూలలవరకు ఉండవలెను. అప్పుడే బండి వెడల్పు ఎంతో తెలియును. ఒక్క చుక్క మెరుపు చూచినవాడు దానిని మోటారు సైకిలు అనుకొని పక్కనుండి దూరబోవును.

2. పట్టీమీది బురదను, దుమ్మును బయలుదేరుటకు ముందు గుడ్డతో తుడువవలెను. గడ్డి, పత్తి, మిరప లోడు పట్టీని కప్పివేసినచో అది లేనట్లే. లోడు వెనుకకు పొడుచుకొని వచ్చినచో దాని చివర మెరుపు పట్టీ అంటించిన పలకను వ్రేలాడదీయవలెను.

3. ట్రాలీకి వెనుక రెండు ఎర్రదీపములు ఉండి, ట్రాక్టరునుండి వైరు కలిపి వెలుగవలెను. కోతలకు ముందే వైర్లు సరిచూచుకొనవలెను. ఎలుకలు కొరికిన వైరు సంగతి రోడ్డుమీద తెలిసినచో ఆలస్యమైనట్లే.

4. అమెరికాలో ఒహాయో రాష్ట్ర విశ్వవిద్యాలయపు వ్యవసాయ ఇంజనీర్లు 1960 దశకములో, నెమ్మదిగా పోవు సేద్యపు బండ్లకొరకు నారింజరంగు మధ్యభాగము, ఎర్రని మెరుపు అంచులు గల ముక్కోణపు గుర్తును రూపొందించినారు. పగలు నారింజరంగు, రాత్రి ఎర్ర అంచు “ఇది నెమ్మది బండి” అని చెప్పును. ట్రాలీ వెనుక ముక్కోణపు మెరుపు పలక ఉన్నచో మనకును మేలే.

5. బండి చెడినచో తారురోడ్డును వదలి పక్కకు దింపవలెను. దింపుటకు వీలులేనిచో మెరుపు ముక్కోణమును బండికి కనీసము 50 మీటర్ల వెనుక నిలుపవలెను. రాళ్ళు, కంపకొమ్మలు గుర్తుగా పెట్టు అలవాటును మానవలెను. అవి రాత్రి ఎవరికిని కనబడవు. బండి పోయిన తరువాత వానిని తీయక వదలినచో వెనుక వచ్చు మోటారు సైకిలువానికి అవియే మృత్యువు.

6. రోడ్డుమీద మిరపకాయలు, ధాన్యము, కందికట్టె ఆరబోయరాదు. అంచులకు పేర్చిన రాళ్ళవలన ఎంత రోడ్డు బండికి మిగిలినదో మనిషికిని తెలియదు, యంత్రమునకును తెలియదు. కల్లమునకు రోడ్డు ప్రత్యామ్నాయము కాదు.

7. చీకటి పడిన తరువాత మందను రోడ్డున తోలవలసి వచ్చినచో ముందొకరు, వెనుకొకరు టార్చిదీపముతో నడువవలెను. గేదెల మెడపట్టీలకు, ఎద్దుల కొమ్ములకు మెరుపు పట్టీ కట్టుట మేలు. నల్లని గేదె చీకటిలో కలిసిపోవునని చెప్పనక్కరలేదు.

8. మిరప కోతకు కూలీలను తీసికొనిపోవు ఆటోలో ఇమిడినంతమందినే ఎక్కింపవలెను. వెనుక కాళ్ళు వ్రేలాడదీసి కూర్చున్నవారు ఆ బండి దీపములను, పట్టీలను తమ ఒంటితోనే కప్పివేయుదురు. తెల్లవారకముందు బయలుదేరు ఈ బండ్లలో ఒక్క కుటుంబమువారు కాదు, ఒక వీధివారు ఉందురు.

9. సెన్సర్లు గల కారు మీకు ఉన్నచో, ముందు అద్దమును, ముందు జల్లెడను శుభ్రముగా ఉంచుడు. ఆయుధపూజకు కట్టిన పూలదండ, నిమ్మకాయల గుత్తి, పూసిన పసుపుకుంకుమలు కెమెరాకును, రాడారుకును అడ్డుగా ఉండరాదు. యంత్రము ఉన్నదని చూపు మరల్చరాదు. అది తోడుమనిషి మాత్రమే, తోలువాడు మీరే.

గ్రామాధికారులు చేయదగినవి

ఈ సెన్సర్లు మరొక మేలు కూడ చేయుచున్నవి. 2021లో నాగపూరులో ప్రారంభమైన ఐరాస్తే అను పథకములో ట్రిపుల్ ఐటీ హైదరాబాదు, కేంద్ర రోడ్డు పరిశోధన సంస్థ, ఇంటెల్ మొదలగు సంస్థలు కలిసి నగర బస్సులకు ముందుచూపు పరికరములను అమర్చినారు. తరువాత ఈ ప్రయత్నము తెలంగాణ ఆర్టీసీ బస్సులకును విస్తరించినది. పరికరము డ్రైవరును హెచ్చరించిన ప్రతి చోటును గుర్తించి, ఎక్కడ హెచ్చరికలు మాటిమాటికి వచ్చుచున్నవో పటముపై చూచినారు. ప్రమాదము జరిగిన చోట్లను మాత్రమేగాక, జరుగబోయి తప్పిన చోట్లను కూడ ముందే సరిదిద్దుట దీని ఆశయము.

ఈ పనికి గ్రామములో యంత్రము అక్కరలేదు. ఒక పుస్తకము చాలును. పంచాయతీ కార్యాలయములోగాని గ్రామ సచివాలయములోగాని ఒక పుస్తకము పెట్టి, “ఫలానా రోజు, ఫలానా మలుపులో, ఫలానా వేళ ట్రాక్టరును లారీ గుద్దబోయి తప్పినది” అని రైతులు, ఆటోవారు చెప్పినది వ్రాయించుడు. ఒక సీజను గడచునప్పటికి ఏ డొంకదారి రహదారిని కలియుచోట దీపము కావలెనో, ఎక్కడ కంపచెట్లు కొట్టి చూపు తెరిపింపవలెనో, ఎక్కడ వేగనిరోధకము కోరవలెనో ఆ పుస్తకమే చెప్పును. రోడ్లశాఖకు అర్జీ పెట్టునప్పుడు ఆ పుస్తకమే సాక్ష్యమగును.

మిరప కోతలు ముమ్మరమగుటకు ముందు, సంక్రాంతికి అందరును ఊరిలో ఉన్న రోజులలో, ఒక పూట రైతులను ట్రాలీలతో పంచాయతీ వద్దకు పిలిచి పట్టీలు అంటించు కార్యక్రమము జరుపవచ్చును. చీకటి పడిన తరువాత ఒక ట్రాలీకి పట్టీ అంటించి, వేరొకదానికి అంటింపక, రెండింటిని నూరు మీటర్ల దూరములో నిలిపి కారుదీపము వేసి చూపుడు. ఉపన్యాసము అక్కరలేదు. చూచినవారు తమ ట్రాలీకి పట్టీ ఎక్కడ దొరకునని తామే అడుగుదురు.

రైతు సోదరులారా! బండ్లకు మన రోడ్లను నేర్పుచున్న పండితులు తమ పని తాము చేయుచున్నారు. ఆటోను, ఎద్దును, మట్టి అంచును వారు యంత్రమునకు చూపినారు. మిగిలినవానిని చూపుటకు కాలము పట్టును. పాత లారీలు, కళ్ళులేని లారీలు ఇంకను చాలకాలము మన రోడ్డుమీద తిరుగుచునే యుండును. యంత్రమైనను, రాత్రంతయు నిద్రలేక తోలు డ్రైవరైనను, ముందున్నది ఏమిటో, ఎంత వెడల్పో, కదలుచున్నదో నిలిచినదో తెలిసినగాని మనలను కాపాడలేరు. ఆ మూడు మాటలను మన బండిచేత చెప్పించుట మన చేతిలోని పని. ఏడాది పొడుగున కష్టించి పండించిన మిరప యార్డుకు చేరవలెను. తోలుకొని పోయినవాడు తెల్లవారునప్పటికి ఇల్లు చేరవలెను. ఈసారి లోడు కట్టుటకు ముందు ట్రాలీ వెనుకకు ఒక్కసారి వెళ్ళి చూడుడు.